అతుకు

ఎక్స్‌రే గదిలో నలుగురం.
తెర మీద రాయి నెమ్మదిగా తిరుగుతోంది,
లోపల బూడిదరంగు పక్షి.
ప్రొఫెసర్ ఔ వెన్‌బాయ్ కళ్ళజోడు తీసి
చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు,
తప్పు అద్దాలదేమో అన్నట్టు.

ఎడమ రెక్కా కుడి రెక్కా రెండూ ఒకటే రెక్క.
ఒక్క రాతిని రెండు రేకులుగా చీల్చి
ఎముక ఇటు, దాని అచ్చు అటు పెట్టారు.
నడుము దగ్గర పగులు.
పగులుకి ఇవతల ఉన్న గీత అవతలికి వెళ్ళలేదు.
తోక వేరే జీవిది.
మధ్యలో వెంట్రుకంత నలుపు. జిగురు.

పన్నెండు కోట్ల ఏళ్ళ నాటిదని
తపాలా బిళ్ళ మీద వేశారు దీన్ని.
షెన్‌యాంగ్ బడిపిల్లలు మట్టితో చేసి రంగులేసి పంపారు.
మూడు ఇంకా నా బల్ల మీదున్నాయి.
ఒకదాని ముక్కు విరిగితే
నేనే అతికించాను.

మర్నాడు జీపులో లియావొనింగ్ కొండల్లోకి.
నవంబరు. మొక్కజొన్న కోసేసిన మోళ్ళు,
గోడల వెంబడి వరసగా వాడుతున్న క్యాబేజీలు.
ఊరి మొగలో సిమెంటు పక్షి,
తోక అసలుకన్నా ఇంకా పొడుగు.
దారంతా ప్రొఫెసర్ పెదవులు కదులుతూనే ఉన్నాయి,
ఏదో గట్టిగా అనడానికి వల్లెవేస్తున్నట్టు.
తీరా గువాన్ దెరొంగ్ ఎదురుగా నిలబడి
ఆయన అడిగింది ఒక్కటే:
"ఏ జిగురు వాడావు?"

"చెప్పులకి వాడేదే," అన్నాడు గువాన్,
దాచాల్సిందేముందన్నట్టు.
"నాకు దొరికింది ఒంటి రెక్క మొండెం.
తోక లేనిదానికి బంగాళదుంపల ధర ఇస్తానన్నాడు కొనేవాడు.
తోక మా బావమరిది చేలో దొరికింది.
రెండూ ఈ కొండ బిడ్డలే కదయ్యా,
కలిపితే వాటికేం నొప్పి?"

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు.
అతికించింది ఇతను.
ఆడింది మేము.
పేరు పెట్టాం, వయసు కట్టాం,
వంశవృక్షంలో ఖాళీ కొమ్మ చూసి కూర్చోబెట్టాం.

ఇక్కడొక మాట చెప్పాలి.
ఆరేళ్ళ కిందట ఈ రాయి మీద మట్టి ఒలిచింది నేనే.
తోక మొదట్లో సూది మొన
జిగటగా ఆగింది ఒక్క క్షణం.
రాయి సూదిని అలా పట్టుకోదు.
చేతికి తెలిసింది.
చెయ్యి నోటికి చెప్పలేదు.
నా భుజం వెనక ప్రొఫెసర్,
పురిటిగది బయట తండ్రిలా
ఊపిరి బిగబట్టి.
సూది పక్కకి జరిపి
"చాలా బాగుంది సార్" అన్నాను.

గువాన్ భార్య వేడినీళ్ళు తాగమని లోపలికి పిలిచింది.
వంటింటి మూల నడుమెత్తు జాడీ,
పులుస్తున్న క్యాబేజీ ఘాటు.
జాడీ మీద మూతగా ఒక పలక,
పలక మీద బరువుకి ఏటిరాయి.
"ఆ తోకలో రెండో సగం," అందామె.
"పారెయ్యబుద్ధి కాలేదు."

ఏటిరాయి దించి పలక తిరగేస్తే
తోక.
తోక ముందు నడుము, నడుము ముందు
కాకికన్నా చిన్న జంతువు,
నాలుగు కాళ్ళకీ ఈకలు,
మెడ వెనక్కి విరుచుకుని.
ఏ పుస్తకంలోనూ లేనిది.
ఒక మూల ఉప్పునీటి మరక.

మట్టినేల మీద మోకాళ్ళూని కూర్చున్నారు ప్రొఫెసర్.
చెయ్యి చాచి, ముట్టుకోబోయి,
ఆపుకుని నావైపు చూశారు.
"రుయ్‌లాన్, ముందు నువ్వు చూడు. సూదితో.
ఈసారి ఆగితే చెప్పు."

ఈసారి అన్నారు.
ఎప్పటినుంచి తెలుసో అడగలేదు.
సంచిలోంచి సూది తీసి
దీపం దగ్గరికి లాగమన్నాను.

వెనకాల ఆమె
జాడీకి ఇంకో మూత వెతుకుతోంది.